ఇంట్లో కట్టిన ఆర్కేడ్ కేబినెట్‌లో వైర్లు చిక్కుపడకుండా వేయడం ఎలా?

గేమ్ పార్లర్ మెషిన్ లాంటి కేబినెట్‌ని కట్టి, రంగు వేసి, బటన్లు బిగించి, ఆట మొదలయ్యాక లోపలి వైర్ల సంగతి ఎవరికీ గుర్తుండదు. ఒకరోజు ఏదో ఒక బటన్ పలకడం మానేస్తుంది. చూద్దామని ప్యానెల్ పైకి లేపితే, లేపుతుండగానే ఇంకో నాలుగు వైర్లు ఊడి చేతికొస్తాయి. ఏది ఎక్కడిదో తెలియదు. ఆ రోజు పది నిమిషాల్లో పని ముగించుకునేలా ఇప్పుడే వైర్లు వేయడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాం. మొత్తం పని ఒక్క లెక్క మీద నడుస్తుంది: ఏ భాగాన్ని విప్పినా మిగతా భాగాల వైర్లు కదలకూడదు.

కొలతలు స్పష్టంగా ఉండాలి కాబట్టి ఒక మామూలు కేబినెట్‌ని తీసుకుందాం. 18 మి.మీ. ఎండీఎఫ్ లేదా ప్లైవుడ్‌తో చేసిన నిలువు కేబినెట్, ఇద్దరు ఆడేది. లోపల 24 అంగుళాల ఎల్‌సీడీ మానిటర్, రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్, బటన్ నొక్కుల్ని దానికి తెలిపే రెండు యూఎస్‌బీ ఎన్‌కోడర్ బోర్డులు, చిన్న ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు, పైన పేరు పలకకి ఎల్‌ఈడీ స్ట్రిప్, వెనక ఒక ఫ్యాన్ ఉంటాయి. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ పెట్టుకునేవాళ్లు ఇందులోని మానిటర్ సంగతులు అనుసరించకండి. ఆ ట్యూబులో వేల వోల్టులు ఉంటాయి, స్విచ్ కట్టేశాక కూడా కొంతసేపు నిలిచి ఉంటాయి. దాని చుట్టూ వైర్లు సర్దడం తెలిసినవాళ్ల చేత చేయించాల్సిన పని.

వైరు కొనకముందే తేల్చుకోవాల్సినవి

కేబినెట్‌ని నాలుగు ముక్కలుగా చూడండి: బటన్లూ జాయ్‌స్టిక్‌లూ ఉండే కంట్రోల్ ప్యానెల్, మానిటర్, పై పెట్టె, అడుగు భాగం. పై పెట్టెలో లైటూ స్పీకర్లూ, అడుగున కరెంటూ, రాస్ప్‌బెర్రీ పై బోర్డూ, ఆంప్లిఫయరూ ఉంటాయి. ఒక్కో ముక్క నుంచి ఎన్ని వైర్లు బయటికొస్తాయో కాగితం మీద రాయండి. ఆ వైర్లన్నిటికీ మధ్యలో ఊడదీసే కనెక్టర్ ఉండాలి. పాత గేమ్ పార్లర్ మెషిన్లు కూడా ఇలాగే పనిచేసేవి. 1985లో జపాన్ గేమ్ మెషిన్ల తయారీదారుల సంఘం తెచ్చిన జామా పద్ధతిలో వీడియో, సౌండ్, కరెంటు, బటన్లు అన్నీ 56 కాళ్ల ఒకే కనెక్టర్ గుండా పోతాయి. గేమ్ మార్చాలంటే బోర్డు లాగి ఇంకోటి గుచ్చడమే, కేబినెట్ వైర్ల జోలికి పోనక్కర్లేదు.

మన కేబినెట్‌లో ఎక్కువ వైర్లు ఉండేది ప్యానెల్‌లోనే. లెక్క చూడండి. ఒక్కో ఆటగాడికి జాయ్‌స్టిక్ దిక్కులు 4, బటన్లు 6, స్టార్ట్ 1, కాయిన్ 1, వెరసి 12. ఇద్దరికి 24 స్విచ్‌లు. ఎన్‌కోడర్ బోర్డుల్ని అడుగున రాస్ప్‌బెర్రీ పై పక్కన పెడితే 24 సిగ్నల్ వైర్లు, స్విచ్‌లన్నిటికీ ఉమ్మడిగా ఒక గ్రౌండ్ వైరు, మొత్తం 25 వైర్లు ప్యానెల్ తెరుచుకునే మడతబందు దాటి కిందికి రావాలి. అవే బోర్డుల్ని ప్యానెల్ అడుగుకే బిగిస్తే మడతబందు దాటేవి రెండే యూఎస్‌బీ కేబుళ్లు. కాబట్టి ఎన్‌కోడర్లు ప్యానెల్‌కే బిగించండి. వైరింగ్ మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ శ్రమ తప్పించేది ఈ నిర్ణయమే. బోర్డు కింద 6 నుంచి 10 మి.మీ. ప్లాస్టిక్ స్పేసర్లు వేయండి. ప్యానెల్ మీద రేకు ఉంటే స్పేసర్లు తప్పనిసరి. లేకపోతే బోర్డు అడుగున ఉన్న టంకం మొనలు రేకుకి తగిలి షార్ట్ అవుతాయి.

వైర్లు, కనెక్టర్లు

బటన్లకి 7/36 మల్టీస్ట్రాండ్ వైరు చాలు. అంటే 36 గేజ్ పోగులు ఏడు, సుమారు 0.2 చదరపు మి.మీ. మందం. 12 వోల్టుల లైటుకీ ఫ్యాన్‌కీ 23/36, 230 వోల్టుల వైపు 1 చదరపు మి.మీ. వాడండి. హైదరాబాద్‌లోనైతే కోఠి గుజరాతీ గల్లీ షాపుల్లో 7/36, 14/36 అని ఈ అంకెలతోనే అడిగితే ఇస్తారు. సిగ్నళ్లకి సగటున అర మీటరు చొప్పున 12 మీటర్లు, గ్రౌండ్‌కి 3 మీటర్లు పడుతుంది. తప్పులకీ కలుపుకుని 20 మీటర్లు తీసుకోండి. మొదటి ఆటగాడికి ఒక రంగు, రెండో ఆటగాడికి ఇంకో రంగు, గ్రౌండ్‌కి నలుపు పెట్టుకోండి. ఆ నలుపుని ఇంకెక్కడా సిగ్నల్‌కి వాడకండి.

ఇంట్లో మిగిలిన లాన్ కేబుల్ కోసి వాడదామని చాలామందికి అనిపిస్తుంది. అది వద్దు. గోడల్లో వేసే లాన్ కేబుల్‌లో ప్రతి వైరూ ఒంటి తీగే. ఒంటి తీగ నాలుగుసార్లు వంగితే లగ్గు (బటన్ కాలికి తొడగడానికి వైరు చివర నొక్కే లోహపు ముక్క) మొదట్లోనే విరుగుతుంది, పైన తొడుగు బాగానే ఉంటుంది కాబట్టి కంటికి కనబడదు. అలాంటి లోపం వెతకడానికి ఒక పూట పోతుంది.

లగ్గులు కొనేముందు బటన్ కాలి వెడల్పు కొలవండి. 30 మి.మీ. రంధ్రంలో నొక్కి బిగించే జపాన్ తరహా బటన్లకి 2.8 మి.మీ. లగ్గు పడుతుంది. కింద విడి మైక్రోస్విచ్ తగిలించే అమెరికన్ తరహా బటన్లకి చాలావరకు 4.8 మి.మీ. పడుతుంది. 2.8 కాలికి 4.8 లగ్గు దూరుతుంది గానీ నిలవదు. ప్లాస్టిక్ తొడుగున్న లగ్గులు 60 తీసుకోండి. జాయ్‌స్టిక్‌కి 5 కాళ్ల రెడీమేడ్ కనెక్టర్ ఉంటే దాని జోలికి పోవద్దు. నాలుగు విడి మైక్రోస్విచ్‌లున్న రకమైతే వాటికి లగ్గులు అదనంగా లెక్కేయండి.

ఇక మిగిలినవి: వైర్లు లోపల పరిచి మూత పెట్టే, గాడులున్న పీవీసీ ప్యానెల్ డక్ట్ 25×25 మి.మీ. ఒకటి, 45×45 ఒకటి. ఇవి 2 మీటర్ల ముక్కలుగా వస్తాయి. 2.5×100 మి.మీ. ప్లాస్టిక్ కేబుల్ టైలు వంద, వెల్క్రో పట్టీ 2 మీటర్లు, స్క్రూతో బిగించే టై బేస్‌లు 20, ప్లాస్టిక్ పి-క్లిప్పులు 10, కంప్యూటర్ టేబుళ్ల రంధ్రాలకి తొడిగే 50 మి.మీ. గ్రోమెట్‌లు 4, నంబరు ఫెర్రూల్స్, హీట్‌ష్రింక్ స్లీవ్, మల్టీమీటర్. లగ్గుల్ని వైరుకి నొక్కే క్రింపింగ్ టూల్ మాత్రం పూర్తిగా నొక్కితే తప్ప వదలని రాచెట్ రకమే తీసుకోండి. మామూలు కటింగ్ ప్లేయరుతో నొక్కిన లగ్గు ఆ రోజు పనిచేస్తుంది, తర్వాత వదులవుతుంది.

వెనక అంటు ఉన్న టై బేస్‌లు చవకే గానీ, రంగు వేయని ఎండీఎఫ్ మీద పొడి వల్ల పట్టవు. రంగు వేసిన చోట కూడా ఎండాకాలం మూసిన కేబినెట్ వేడికి జిగురు మెత్తబడి ఒక్కొక్కటే జారతాయి. స్క్రూ బేస్‌లే వాడండి. 18 మి.మీ. పలకకి 12 మి.మీ. స్క్రూ సరిపోతుంది. అంతకంటే పొడుగైతే అవతలి ముఖం ఉబ్బే ప్రమాదం ఉంది. ఎండీఎఫ్‌లో ముందు 2 మి.మీ. బిట్‌తో రంధ్రం వేశాకే స్క్రూ తిప్పండి, లేకపోతే పొరలు విడిపోతాయి.

లోపల దారులు వేయడం

ఈ పని రంగు వేయకముందే ముగించండి. వెనక నుంచి చూస్తే ఎడమ గోడ 230 వోల్టులది, కుడి గోడ యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ, సౌండ్ వైర్లది. 12 వోల్టుల వైర్లు కూడా ఎడమకే. పెన్సిల్‌తో రెండు గోడల మీదా నిలువు గీత గీసి, ఎడమ గీత మీద 25×25 డక్ట్, కుడి గీత మీద 45×45 డక్ట్ బిగించండి. హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ కేబుళ్లు మందంగా ఉంటాయి, పైగా మిగులు వదులు కూడా అందులోనే పడుకోవాలి. అందుకే కుడివైపు పెద్దది. ఏ డక్ట్‌నీ సగానికి మించి నింపకండి. నిండిన డక్ట్‌లోంచి ఒక కేబుల్ లాగితే మిగతావీ దాంతోపాటు వస్తాయి.

ఎడమ కుడి వైర్లు ఎక్కడైనా దాటుకోక తప్పకపోతే అడ్డంగా, 90 డిగ్రీల కోణంలో దాటించండి. 230 వోల్టుల వైరు పక్కనే సౌండ్ వైరు జానెడు దూరం కలిసి నడిస్తే చాలు, స్పీకర్లో సన్నని గుయ్యిమనే మోత మొదలవ్వొచ్చు.

మానిటర్ అరకి, అడుగు అరకి మధ్య ఉండే అడ్డ పలకల్లో రంధ్రాలు వేయాలి. రంధ్రం సైజు కేబుల్ మందాన్ని బట్టి కాదు, దాని చివరి ప్లగ్గు వెడల్పుని బట్టి ఉండాలి. కేబుల్ 6 మి.మీ. ఉన్నా హెచ్‌డీఎంఐ ప్లగ్గు 20 మి.మీ. దాటుతుంది, మానిటర్ పవర్ కార్డు ప్లగ్గు ఇంకా పెద్దది. 50 మి.మీ. హోల్‌సాతో వేసి గ్రోమెట్ తొడిగితే అన్నీ పడతాయి. పలక మధ్యలో కాకుండా మూలకి దగ్గరగా, డక్ట్ వరసలో వేయండి.

అడుగు భాగంలో రెండు విషయాలు చూడాలి. మన ఇళ్లలో నేలకి రోజూ తడిగుడ్డ పెడతారు, అప్పుడప్పుడు కడుగుతారు కూడా. ఎక్స్‌టెన్షన్ బోర్డు గానీ, పవర్ సప్లై గానీ, వైరు జాయింట్ గానీ నేలకి బెత్తెడు కంటే కిందికి ఉండకూడదు. అన్నిటినీ పక్క గోడకి బిగించండి. రెండోది ఎలుకలు. గాలి కోసం వదిలిన ప్రతి సందుకీ లోపలి నుంచి 6 మి.మీ. గళ్ల ఇనుప మెష్ స్టేపుల్ చేయండి. వెచ్చగా, చీకటిగా, ఎవరూ కదిలించని పెట్టె ఎలుకకి దొరికితే మొదట కొరికేది వైర్లనే.

ప్యానెల్ వైర్ల కట్ట

వైర్లని ప్యానెల్ కింద తలకిందులుగా పడుకుని అల్లకండి. బల్ల మీద అల్లి తీసుకొచ్చి తగిలించండి. అట్టముక్క మీద ప్యానెల్ అడుగు బొమ్మని అసలు సైజులోనే గీయండి. అడుగు నుంచి చూస్తున్నారు కాబట్టి ఎడమ కుడి తారుమారవుతాయి, మొదటి ఆటగాడు కుడివైపు వస్తాడు. ఇది మరిచి అల్లితే కట్ట మొత్తం అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. అట్టని పాత ప్లై ముక్క మీద పరిచి, వైరు మలుపు తిరిగే ప్రతి చోటా ఒక మేకు కొట్టండి. ఎన్‌కోడర్ ఉండే చోటు నుంచి ప్రతి బటన్‌కీ మేకుల వెంట పురికొస పట్టి కొలిచి, దానికి 80 మి.మీ. కలిపి వైరు కోయండి. ఆ 80లో కొంత లగ్గుకి పోతుంది. మిగిలింది రేపు లగ్గు విరిగితే కోసి మళ్లీ వేసుకోవడానికి.

కట్టకి ఒకే వెన్నెముక ఉండాలి. బటన్ల వరసకి కింద, ఆటగాడి వైపు అంచుకి 40 మి.మీ. లోపల ఒక గీత గీసుకోండి. వైర్లన్నీ ఆ గీత మీద కలిసి నడుస్తూ, ఒక్కో బటన్ ఎదురుగా ఒక్కొక్కటి నిటారుగా విడిపోవాలి. ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కి ఐమూలగా ఏ సిగ్నల్ వైరూ పోకూడదు. అలా పోయిన వైరు జాయ్‌స్టిక్ అడుగున తిరిగే కడ్డీకి తగిలి కొన్నాళ్లకి అరుగుతుంది. జాయ్‌స్టిక్ చుట్టూ 30 మి.మీ. ఖాళీ వదలండి.

గ్రౌండ్ వైరు గొలుసుకట్టులా ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కి పోతుంది. బటన్ల మధ్య దూరం 36 మి.మీ. దాకా ఉంటుంది కాబట్టి 70 మి.మీ. ముక్కలు కోసి, ఒక్కో లగ్గులో రెండు చివరలు కలిపి నొక్కండి. స్టార్ట్, కాయిన్ బటన్లు దూరంగా ఉంటాయి, వాటికి విడిగా కొలవండి. చాలామంది గొలుసు చివరి బటన్ దగ్గర ఆపేస్తారు. మధ్యలో ఒక లగ్గులోంచి వైరు ఊడితే దాని అవతలి బటన్లన్నీ ఒకేసారి చచ్చిపోవడానికి కారణం ఇదే. చివరి బటన్ నుంచి ఇంకో వైరు వెనక్కి తెచ్చి ఎన్‌కోడర్‌లో మరో గ్రౌండ్ కాలికి కలపండి. గొలుసు వలయమవుతుంది, ఎక్కడ ఒకచోట తెగినా ఆట ఆగదు. ఎన్‌కోడర్‌లోని గ్రౌండ్ కాళ్లన్నీ లోపల ఒకటేనా అని ముందు మల్టీమీటర్‌తో బీప్ చూసుకోండి. రెండు ఎన్‌కోడర్లు ఉన్నాయి కాబట్టి రెండు వలయాలు వేయండి, ఒకదాన్ని ఇంకోదానితో కలపనక్కర్లేదు. ప్రతి బటన్‌కీ జంట వైరు ఇచ్చే చవక కిట్లు వాడుతుంటే గ్రౌండ్ గొలుసు అక్కర్లేదు. కానీ వైర్ల సంఖ్య రెట్టింపవుతుంది, ఆ వైర్లు 30 సెం.మీ. అటూఇటూగా ఒకే పొడుగులో ఉంటాయి. దగ్గరి బటన్ల దగ్గర మిగిలేదాన్ని గుండ్రంగా చుట్టకండి. వెన్నెముక వెంట ముందుకు పోయి వెనక్కి వచ్చేలా మడిచి టై వేయండి.

లగ్గు వేయడంలో తప్పులు ఎక్కువ జరుగుతాయి. 2.8 లగ్గుకి కూడా 7/36 వైరు కాస్త సన్నమే. అందుకే తొడుగు 6 కాకుండా 12 మి.మీ. తీసి, పోగుల్ని పురిపెట్టి, వెనక్కి సగానికి మడిచి లగ్గులో పెట్టండి. రెండు చివరలు కలిసే గ్రౌండ్ లగ్గులో మడత అక్కర్లేదు. లగ్గుకి రెండు జతల రెక్కలు ఉంటాయి. ముందు జత రాగిని, వెనక జత తొడుగుని పట్టుకోవాలి. ముందు జత తొడుగు మీదే పడితే వైరు గట్టిగానే ఉంటుంది గానీ కరెంటు పోదు, లేదా పోతూ పోతూ ఆగుతుంది. ప్రతి లగ్గునీ వేశాక లాగి చూడండి. ఊడేది ఇప్పుడే ఊడనివ్వండి. బటన్ కాలికి నేరుగా టంకం వేయడం మాత్రం వద్దు. వేడికి లోపలి ప్లాస్టిక్ కరుగుతుంది, బటన్ మార్చాల్సి వచ్చిన ప్రతిసారీ టంకం సలాక తీసుకుని ప్యానెల్ కింద దూరాలి.

మూడు కాళ్ల మైక్రోస్విచ్‌లైతే గ్రౌండ్ కామన్ కాలికి, సిగ్నల్ మామూలుగా తెరిచి ఉండే కాలికి కలపాలి. మూడో కాలికి పెడితే బటన్ ఎప్పుడూ నొక్కి ఉన్నట్టే కనబడుతుంది, మెనూ దానంతటదే పరుగెడుతుంది. జాయ్‌స్టిక్ విషయంలో ఇంకో మెలిక ఉంది. కడ్డీని పైకి తోస్తే దాని కింది కొన కిందివైపుకి పోయి అక్కడి స్విచ్‌ని నొక్కుతుంది. అంటే "పైకి" వైరు కింది స్విచ్‌కి, "ఎడమ" వైరు కుడి స్విచ్‌కి వేయాలి. ఇది తెలియక వేసినవాళ్లకి ఆటలో మనిషి వెనక్కి నడుస్తాడు.

ప్రతి సిగ్నల్ వైరుకీ రెండు చివర్లా ఒకే నంబరు ఫెర్రూల్ తొడగండి: మొదటి ఆటగాడికి 101 నుంచి 112, రెండో ఆటగాడికి 201 నుంచి 212. లగ్గు వేయకముందే తొడగాలి, తర్వాత అది ఎక్కదు. నంబర్లు, బటన్ల పేర్లు ఉన్న పట్టికని ఎన్‌కోడర్ పక్కన ప్యానెల్ అడుగునే అతికించండి. ఫోన్లో పెట్టుకున్న ఫొటో రెండేళ్ల తర్వాత దొరకదు.

కట్టకి 60 నుంచి 80 మి.మీ. దూరంలో ఒక టై చొప్పున వేయాలి, అదీ చివర్లో చెప్పే పరీక్షలు అయ్యాకే. టై కింద కట్ట వేలితో తిప్పితే కదలాలి, అంతకంటే బిగిస్తే తొడుగులో దిగబడుతుంది. తోకని ఫ్లష్ కట్టర్‌తో తలకి సమంగా కోయండి. కత్తెరతో కోస్తే మిగిలే మొన రేపు చెయ్యి పెట్టినప్పుడు బ్లేడులా గీస్తుంది.

మడతబందు దాటించడం

ప్యానెల్ పైకి లేచే చోటే వైర్లు తెగుతాయి, కాబట్టి ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. కేబుల్‌ని మడతబందుకి అడ్డంగా దాటిస్తే, తెరిచిన ప్రతిసారీ అది ఒకే చోట మడతపడుతుంది. అలా కాకుండా ప్యానెల్ వైపు ఒక పి-క్లిప్, కేబినెట్ వైపు ఒక పి-క్లిప్ పెట్టి, ఆ రెంటి మధ్య కేబుల్ మడతబందుతో సమాంతరంగా జానెడు దూరం నడిచేలా చేయండి. ఇప్పుడు ప్యానెల్ లేపితే కేబుల్ వంగదు, తన చుట్టూ తాను కొద్దిగా మెలితిరుగుతుంది. జానెడు పొడుగులో పావు చుట్టు మెలిక ఏ కేబుల్‌కీ బరువు కాదు. పెద్ద కంట్రోల్ ప్యానెళ్ల తలుపుల దగ్గర చేసేది ఇదే.

క్లిప్పులు బిగించాక ప్యానెల్‌ని పూర్తిగా తెరిచి, మూసి, పదిసార్లు చూడండి. తెరిచినప్పుడు కేబుల్ బిగుసుకోకూడదు, మూసినప్పుడు ప్యానెల్ అంచుకి, పెట్టెకి మధ్య నలగకూడదు. ప్యానెల్ మీద పడిపోకుండా ఒక గొలుసో, గ్యాస్ స్ట్రట్టో పెట్టండి. అది లేకుంటే ప్యానెల్ బరువంతా ఎప్పుడో ఒకసారి యూఎస్‌బీ కేబుళ్ల మీదే పడుతుంది.

మడతబందు లేకుండా మొత్తం ఎత్తి తీసే ప్యానెల్ అయితే కేబినెట్ వైపు రెండు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ సాకెట్లు బిగించి, ప్యానెల్ తీసేంత ఎత్తున చెయ్యి దూరే వదులు ఉంచండి. ఎన్‌కోడర్లు అడుగునే ఉండాలని పట్టుబట్టేవాళ్లకి 25 కాళ్ల డి-సబ్ కనెక్టర్ అచ్చంగా సరిపోతుంది. 24 సిగ్నళ్లు, ఒక గ్రౌండ్. కానీ 50 టంకం చుక్కలు పెట్టాలి.

రెండు ఎన్‌కోడర్లూ ఒకే రకం అయినప్పుడు సిస్టమ్ వాటిని పేరుతో వేరు చేయలేదు. కేబుళ్లు తారుమారైతే ఆటగాళ్లు తారుమారవుతారు. కేబుళ్ల రెండు చివర్లకీ, రాస్ప్‌బెర్రీ పై మీది పోర్టులకీ 1, 2 అని అంకెలు అతికించి ఎప్పుడూ అవే జతలో గుచ్చండి.

230 వోల్టుల వైపు

ఇల్లు వైరింగ్ చేసే అలవాటు లేకపోతే ఈ భాగం ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. కేబినెట్ వెనక కింది భాగంలో, నేలకి జానెడు ఎత్తున, స్విచ్చూ ఫ్యూజూ కలిసున్న కంప్యూటర్ తరహా పవర్ సాకెట్ బిగించండి. దానివల్ల కార్డు ఊడదీసి కేబినెట్‌ని జరపొచ్చు. ఈ సాకెట్లలో చాలావాటికి వెనక స్విచ్ కాళ్లు విడిగా ఉంటాయి, ఫ్యూజు నుంచి స్విచ్‌కి మీరే చిన్న వైరు వేయాలి. మల్టీమీటర్‌తో చూసి వేయండి. ఫేజ్ ముందు ఫ్యూజు, తర్వాత స్విచ్ గుండా పోవాలి. లగ్గులు ఎక్కువగా 6.3 మి.మీ.వి, పూర్తి తొడుగున్నవే వాడండి.

మానిటర్‌కి 40 వాట్లు, రాస్ప్‌బెర్రీ పైకి 15, ఆంప్లిఫయర్‌కి 30, లైటుకీ ఫ్యాన్‌కీ 15 వేసుకున్నా మొత్తం 100 వాట్లే, అంటే అర ఆంపియర్ కూడా కాదు. ఫ్యూజు 3 ఆంపియర్లది, స్లో-బ్లో రకం వేయండి. స్విచ్ వేసిన క్షణంలో పవర్ సప్లైలు ఒక్కసారిగా కరెంటు లాగుతాయి, త్వరగా తెగే రకం ఊరకే పోతుంటుంది.

సాకెట్ నుంచి 1 చదరపు మి.మీ. మూడు వైర్ల ఫ్లెక్సిబుల్ కేబుల్ ఎడమ గోడ మీది ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పోతుంది. గోధుమ రంగు ఫేజ్, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ-పసుపు ఎర్త్. మానిటర్, రాస్ప్‌బెర్రీ పై అడాప్టర్, 12 వోల్టుల అడాప్టర్ అన్నీ ఆ బోర్డులోనే గుచ్చి, ఒక్కో అడాప్టర్‌ని వెల్క్రోతో గోడకి కట్టేయండి. కేబినెట్ జరిపినప్పుడు అడాప్టర్లు బరువుకి సగం ఊడి, నిప్పురవ్వలు వస్తాయి. ప్యానెల్ మీద రేకు గానీ ఇనుప కోణాలు గానీ ఉంటే ఎర్త్ వైరుకి గుండ్రటి థింబుల్ వేసి, రంగు గీకిన చోట పళ్ల వాషర్‌తో బిగించండి. రంగు మీద బిగించిన ఎర్త్ పనిచేయదు.

రాస్ప్‌బెర్రీ పై బోర్డుకి కరెంటు, మానిటర్‌కి బొమ్మ

తెర మూలలో మెరుపు గుర్తు కనబడితే బోర్డుకి రావాల్సిన 5 వోల్టులు పూర్తిగా రావడం లేదని అర్థం. సుమారు 4.63 వోల్టుల కిందికి పడితే అది వస్తుంది, ఆట నత్తనడక నడుస్తుంది. కారణం దాదాపు ఎప్పుడూ సన్నని కేబులే. అమెరికన్ లెక్కలో (AWG) 28 గేజ్ రాగితో చేసిన ఒకటిన్నర మీటరు కేబుల్‌లో రానూపోనూ కలిపి 0.64 ఓమ్ దాకా ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై 1 ఆంపియర్ తీసుకున్నా 0.64 వోల్టు దారిలోనే పోతుంది, అడాప్టర్ ఇచ్చే 5.1 కాస్తా 4.46 అవుతుంది. అదే పొడుగు 20 గేజ్‌లో పోయేది 0.1 వోల్టు మాత్రమే. పై 4 అసలు అడాప్టర్‌కి 18 గేజ్ కేబుల్ అతికించే వస్తుంది. దాన్నే వాడి, పొడిగించకుండా, రాస్ప్‌బెర్రీ పై బోర్డుని దాని పొడుగులో ఉండేలా పెట్టుకోండి.

పై 4 మీద మైక్రో హెచ్‌డీఎంఐ సాకెట్ సున్నితమైనది. మందపాటి కేబుల్ బరువు దాని మీద పడితే కొన్నాళ్లకి బొమ్మ వస్తూ పోతూ ఉంటుంది. ప్లగ్గు నుంచి 50 మి.మీ. లోపలే ఒక పి-క్లిప్ వేసి బరువు దానికి అప్పగించండి. కేబుల్ ఒకటిన్నర మీటరు చాలు. మలుపులు గుండ్రంగా, అరచేయి వెడల్పున తిప్పండి, మూలలకి నొక్కి వంచకండి. మానిటర్ వైపు మాత్రం మూర వదులు డక్ట్‌లో ఉంచాలి. మానిటర్‌ని ముందుకి లాగాకే వెనక ప్లగ్గులు తీయగలుగుతారు.

సౌండ్

స్పీకర్ వైర్లు 0.75 చదరపు మి.మీ. జంట వైరు, కుడి గోడ వెంట పైకి. చిన్న డిజిటల్ ఆంప్లిఫయర్లలో ఎక్కువ రకాలకి స్పీకర్ మైనస్ కాలు గ్రౌండ్ కాదు. రెండు స్పీకర్ల మైనస్‌లని కలిపి ఒకే వైరు వేస్తే ఆంప్లిఫయర్ కాలిపోతుంది. నాలుగు వైర్లూ విడివిడిగానే వేయండి. ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తిరగబడితే మోగుతుంది గానీ బేస్ పోయి పలచగా వినబడుతుంది.

అంతా సరిగా వేసినా మోత వస్తుంటే, రాస్ప్‌బెర్రీ పైకీ ఆంప్లిఫయర్‌కీ ఒకే పవర్ సప్లై వాడుతున్నారేమో చూడండి. అప్పుడు గ్రౌండ్ రెండు దారుల్లో కలుస్తుంది: ఒకటి పవర్ వైరు గుండా, ఇంకోటి సౌండ్ వైరు జాలీ గుండా. తెర మీద బొమ్మ కదిలినప్పుడల్లా స్పీకర్లో కీచుమంటే ఇదే జబ్బు. ఆంప్లిఫయర్‌కి వేరే అడాప్టర్ ఇవ్వండి. అప్పటికీ పోకపోతే సౌండ్ వైరు మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టండి.

పై పెట్టె ఎల్‌ఈడీ స్ట్రిప్‌కి, ఫ్యాన్‌కి 12 వోల్టులే. మీటరుకి 14.4 వాట్ల స్ట్రిప్ 60 సెం.మీ. వేస్తే ముప్పావు ఆంపియర్ లోపే. పై పెట్టె ఊడేది అయితే మధ్యలో రెండు కాళ్ల కనెక్టర్ వేయండి. ఫ్యాన్‌కి రెండు వైపులా జాలీ తప్పనిసరి. వదులుగా వేలాడే ఒక్క వైరు చాలు రెక్క ఆగిపోవడానికి.

టైలు బిగించకముందు

పరీక్షలు అయ్యేదాకా డక్ట్‌ల మూతలు పెట్టకండి, పెద్ద కట్టలకి టైలు కాకుండా వెల్క్రో మాత్రమే చుట్టండి. ముందు కరెంటు లేకుండా మల్టీమీటర్‌తో: ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బీప్ రాకూడదు, ప్లగ్గు ఎర్త్ కాలికీ ప్యానెల్ రేకుకీ మధ్య రావాలి. తర్వాత రాస్ప్‌బెర్రీ పై ఒక్కటే ఆన్ చేసి, బటన్ పరీక్ష తెరలో 24 స్విచ్‌లూ ఒక్కొక్కటే నొక్కండి. ఒక్కటే పలకకపోతే దాని సిగ్నల్ లగ్గు. వరసగా అన్నీ పలకకపోతే గ్రౌండ్. వలయం వేశారు కాబట్టి గ్రౌండ్ ఒకచోట తెగినా ఇప్పుడు కనబడదు. అందుకే వెనక్కి తెచ్చిన వైరుని ఎన్‌కోడర్ దగ్గర తీసి ఒకసారి అన్నీ నొక్కి చూడండి, తర్వాత మళ్లీ పెట్టండి. నొక్కుతూ ఇంకో చేత్తో కట్టని అటూ ఇటూ ఊపండి. ఊపినప్పుడు పలకడం మానే బటన్‌కి లగ్గు మళ్లీ వేయాలి.

తర్వాత మానిటర్, సౌండ్, లైటు, ఈ వరసలో ఒక్కొక్కటి కలుపుతూ పోండి. రెండు గంటలు ఆడి, వెనక తలుపు తెరిచి అడాప్టర్లనీ లగ్గులనీ చేత్తో తాకి చూడండి. ముట్టుకునే ముందు స్విచ్ కట్టేసి ప్లగ్గు తీయాలి. ఒక లగ్గు మిగతా వాటికంటే వేడిగా ఉంటే అది వదులుగా ఉన్నట్టే. వారం రోజులు అలాగే ఆడాక టైలు బిగించి, డక్ట్ మూతలు నొక్కండి. ఒక జత అదనపు సిగ్నల్ వైర్లని రెండు చివర్లా స్లీవ్ తొడిగి కట్టలోనే పడుకోబెట్టండి. రేపు ఇంకో బటన్ పెట్టాలనిపిస్తే ఈ కట్టని విప్పనక్కర్లేదు.